పుష్యమాసపు చలిలో రికార్డింగ్: టేపులను, యంత్రాలను కాపాడుకోవడం ఎలా?

పుష్య అమావాస్య రాత్రి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశస్థులు నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు. ఆ జాతరలో డోలు, పెప్రె (సన్నాయి లాంటి వాద్యం) మోగేది ఆరుబయటే. కమానుతో వాయించే తీగవాద్యం కిక్రి పట్టుకుని, గోండుల కథాగాయకులైన పర్ధాన్ కళాకారులు కథ ఎత్తుకునేదీ ఆ చలికాలపు రాత్రుల్లోనే. లంబసింగి, పాడేరు, అరకు వైపు ధింసా (అక్కడి గిరిజనుల గుంపు నాట్యం) పాటల కోసం వెళ్లేవాళ్లు కూడా డిసెంబరు, జనవరి నెలల్నే ఎంచుకుంటారు, ఎందుకంటే కోతలు ముగిసి పాడేవాళ్లకు తీరిక దొరికేది అప్పుడే. రికార్డింగ్ సామానుకు గడ్డుకాలం కూడా అదే. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. తెల్లారేసరికి జీపు అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి.

అక్కడ పాడేవాళ్లలో చాలామంది పెద్ద వయసువాళ్లు. ఒక కథను తెల్లవార్లూ తడబడకుండా చెప్పగలిగిన మనిషి వచ్చే ఏడాది కూడా అంత గొంతుతో దొరుకుతారని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఈ జాగ్రత్తలను పట్టుబట్టి చెప్తున్నాను. ఇవి క్యాసెట్, రీలు, వీడియో టేపు వాడేవాళ్లకు ఎంత అవసరమో, జూమ్, టాస్కామ్ లాంటి కంపెనీల చేతి రికార్డర్లు వాడేవాళ్లకూ అంతే అవసరం. పాత క్యాసెట్లు ఇంట్లో దాచుకున్నవాళ్ల కోసం, ముఖ్యంగా మంచు కురిసే దేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం, చివర్లో విడిగా రాశాను.

ముందుగా తెలుసుకోవాల్సింది

చలివల్ల వచ్చే చిక్కులు రెండు. ఒకటి, యంత్రం మొద్దుబారుతుంది. గ్రీజు గట్టిపడుతుంది, రబ్బరు బెల్టు, పించ్ రోలర్ (టేపును నొక్కిపట్టే రబ్బరు చక్రం) బిగుసుకుంటాయి, సెల్లు నీరసపడతాయి. దాంతో టేపు తిరిగే వేగం తగ్గుతుంది, లేదా తూగుతుంది. రెండోది తేమ. చల్లబడ్డ వస్తువు వెచ్చటి గాలిలోకి రాగానే దాని ఒంటిమీద నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టే, రికార్డర్ లోపల హెడ్డుకీ (టేపు మీద శబ్దాన్ని రాసే, చదివే భాగం) క్యాప్‌స్టన్‌కీ (టేపును లాగే సన్నటి లోహపు కడ్డీ) కూడా పడుతుంది. కాకపోతే అది మన కంటికి కనబడదు.

వేగం తేడా వస్తే తర్వాత సరిదిద్దుకునే దారి ఉంది. తడిసిన క్యాప్‌స్టన్‌కు చుట్టుకుని నలిగిపోయిన టేపును మాత్రం పూర్తిగా మునుపటి స్థితికి తేలేం. కాబట్టి మీ శ్రద్ధలో ఎక్కువ భాగం తేమ మీదే పెట్టండి.

ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. గదిలో 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నాయనుకోండి. ఆ గదిలో 17 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. రాత్రంతా బయట ఎనిమిది డిగ్రీల్లో ఉన్న రికార్డర్‌ను పొయ్యి వెలుగుతున్న, పదిమంది కూర్చున్న ఇంట్లోకి తెస్తే ఏం జరుగుతుందో ఇక చెప్పనక్కర్లేదు. అదే యంత్రాన్ని వెచ్చటి గదిలోంచి చలిలోకి తీసుకెళ్తే తేమ పడే భయం దాదాపు ఉండదు. ప్రమాదమంతా తిరుగు ప్రయాణంలో ఉంది.

1. బయల్దేరే ముందు ఇంట్లో

హెడ్డు, క్యాప్‌స్టన్, పించ్ రోలర్ శుభ్రం చేయండి. లోహపు భాగాలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్ల వాడండి. రబ్బరు రోలర్‌ను కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. మురికి పట్టిన హెడ్డు మీద తేమ కూడా చేరితే టేపు వెంటనే అతుక్కుంటుంది.

క్యాసెట్లు కొనేటప్పుడు సీ-60 (రెండు వైపులా కలిపి అరవై నిమిషాల) రకమే తీసుకోండి. సీ-60లో టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90లో 12, సీ-120లో 9. చలికి బిగుసుకున్న యంత్రం లాగే లాగుడుకు పల్చటి టేపు సాగుతుంది, మడతపడుతుంది. గంటన్నర కథకు ఒక్క క్యాసెట్ సరిపోతుందన్న ఆశతో సీ-90 పెట్టుకోవడం నాకు నచ్చదు. కథ చెప్పే మనిషి నీళ్లు తాగే విరామంలో క్యాసెట్ మార్చుకోవచ్చు. కొత్త క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ మొదటికి తిప్పి పెట్టుకుంటే చుట్ట సమంగా ఉంటుంది.

బయల్దేరే ముందు వారంలో ఒక తెల్లవారుజామున యంత్రాన్ని అరగంటపాటు మేడమీద ఉంచి, అక్కడే రికార్డు చేసి చూడండి. బెల్టు వదులైన యంత్రం చల్లదనంలోనే దాని లోపం బయటపెడుతుంది. ఈ పరీక్ష ఫ్రిజ్‌లో మాత్రం చేయకండి, బయటికి తీసిన క్షణంలోనే తడిసిపోతుంది.

సంచిలో ఇవి ఉండాలి: మందపాటి జిప్ కవర్లు (రికార్డర్ పట్టేంతవి రెండు, క్యాసెట్లకూ మైకుకూ విడిగా), సిలికా జెల్ పొట్లాలు, పొడి నూలు తువ్వాళ్లు, ఒక గొంగళి, పెద్ద గొడుగు. సిలికా జెల్‌లో రంగు మారే రకం తీసుకోండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే అవి ఇక తేమ పీల్చవని అర్థం.

2. సెల్లు, బ్యాటరీలు

చలిలో మామూలు ఆల్కలైన్ సెల్లు త్వరగా దిగిపోతాయి. నిజానికి అవి పూర్తిగా అయిపోవు. లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతే. వెచ్చబెడితే కొంత శక్తి తిరిగొస్తుంది. కాబట్టి మూడు జతలు పెట్టుకోండి. ఒకటి యంత్రంలో, రెండోది చొక్కా లోపలి జేబులో, మూడోది సంచిలో ఉండాలి. యంత్రంలోవి నీరసించగానే జేబులోవి వేసి, తీసినవాటిని జేబులో పెట్టుకోండి.

డబ్బు పెట్టగలిగితే ఛార్జింగ్ అవసరం లేని లిథియం ఏఏ సెల్లు కొనండి. అవి మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారైనవి. ఏజెన్సీ చలి వాటికి లెక్కే కాదు. ఛార్జి చేసుకునే లిథియం అయాన్ బ్యాటరీలు వాడేవాళ్లకు ఒక్క హెచ్చరిక: సున్నా డిగ్రీల లోపు చలిలో వాటిని ఎప్పుడూ ఛార్జింగ్‌కు పెట్టకండి. లోపల లిథియం లోహం పొరలా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. మన కొండల్లో అంత అవసరం రాకపోవచ్చు కానీ లద్దాఖ్‌కో, అమెరికా ఉత్తరానికో వెళ్లేవాళ్లకు ఇది ప్రాణావసరం.

3. దారిలో

ముందురోజు రాత్రే చేరుకుంటే సామానును బండి డిక్కీలో వదిలేయకండి. తెల్లారేసరికి డిక్కీలోని లోహమంతా చల్లబడి ఉంటుంది. ఎండ పొడుచుకొచ్చాక పొగమంచు కరిగి గాలి తేమగా, వెచ్చగా మారుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం డిక్కీ తలుపు తెరుస్తాం. చల్లటి రికార్డర్ మీద నీరు పడటానికి ఇంతకన్నా అనువైన ఘడియ లేదు. సామాను మీరు పడుకునే గదిలోనే, సంచి మూసి, నేలకు ఎత్తుగా మంచం మీదో కుర్చీ మీదో ఉంచండి.

4. రికార్డింగ్ చోట

చేరుకోగానే మొదలుపెట్టకండి. యంత్రం అక్కడి చలికి అలవాటుపడటానికి పావుగంట ఇవ్వండి. ఆ తర్వాత ఒక పనికిరాని క్యాసెట్ వేసి అయిదు, పది నిమిషాలు ఉత్తినే తిప్పండి. బెల్టు, బేరింగులు సర్దుకుంటాయి.

తర్వాత అసలు క్యాసెట్ వేసి, పాట మొదలవక ముందే తేదీ, ఊరు, పాడేవాళ్ల పేరు చెప్పి, దాని వెనకే ఒక శ్రుతి పలికించి అరనిమిషం రికార్డు చేయండి. శ్రుతి పెట్టె కావచ్చు, పిచ్ పైపు కావచ్చు, 440 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కావచ్చు. ఈ అరనిమిషం విలువ తర్వాత తెలుస్తుంది. చలికి యంత్రం మూడు శాతం నెమ్మదిగా తిరిగిందనుకోండి. ఇంటికొచ్చి సరైన వేగంతో ఉన్న యంత్రంలో వింటే పాట మూడు శాతం వేగంగా, హార్మోనియం మెట్టులో దాదాపు సగమంత పైశ్రుతిలో వినబడుతుంది. ముసలమ్మ గొంతు కాస్త చిన్న వయసుదానిలా వినబడుతుంది. మొదట్లో రికార్డు చేసిన శ్రుతి ఎన్ని హెర్ట్జ్‌లో ఉండాలో మీకు తెలుసు కాబట్టి, కంప్యూటర్లో ఆ మేరకు వేగం తగ్గించి పాటను అసలు శ్రుతికి తెచ్చుకోవచ్చు. రాత్రి పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది, యంత్రం వేగం ఇంకొంచెం మారుతుంది. అందుకని ప్రతి క్యాసెట్‌కూ, ప్రతి వైపుకూ మొదట్లో ఒకసారి శ్రుతి ఇవ్వండి. డిజిటల్ రికార్డర్లకు ఈ బాధ లేదు.

యంత్రాన్ని ఆకాశం కిందే పెట్టకండి. నిర్మలమైన రాత్రి ఆరుబయట ఉన్న వస్తువు తన వేడిని ఆకాశానికి పోగొట్టుకుని చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఆరుబయట పార్కు చేసిన బండి సీటు తడిసి, పందిరి కిందిది పొడిగా ఉండేది ఇందుకే. కాబట్టి పైన పందిరి, చెట్టు కొమ్మలు, ఏదీ లేకపోతే గొడుగు ఉండాలి. కింద గొంగళి మడత వేసి దానిమీద యంత్రం పెట్టండి. పైన తువ్వాలు కప్పండి కానీ గాలి ఆడే సందు వదలండి.

చలిమంట దగ్గర అందరూ చేరతారు, పాట కూడా అక్కడే పుడుతుంది. మీరు మంట చుట్టూ చేరండి, రికార్డర్‌ను మాత్రం దూరంగా పెట్టి పొడవాటి తీగతో మైకును ముందుకు పంపండి. ఒకవైపు వేడి, ఒకవైపు చలి తగిలే యంత్రం నిలకడగా తిరగదు. మసి, నిప్పురవ్వల సంగతి సరేసరి. పీవీసీ తొడుగున్న తీగలు చలికి బిగుసుకుంటాయి, వాటిని బలంగా మడవకండి.

మైకుల్లో డైనమిక్ రకం చలిని, తేమను బాగా తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సున్నితమైనది. దాని లోపలి పల్చటి పొర దగ్గర చెమ్మ చేరితే చిటపట శబ్దాలు మొదలవుతాయి. పాడే మనిషి నోటికి మరీ దగ్గరగా పెడితే ఊపిరిలోని ఆవిరే చల్లటి మైకు మీద నీరవుతుంది. ఒక జానెడు వెనక్కి జరపండి, బొచ్చు తొడుగు లేదా స్పాంజి తొడుగు వేయండి. తొడుగు మంచుకు తడిస్తే మార్చడానికి ఇంకొకటి దగ్గరుంచుకోండి. ఎంత ఖరీదైన కండెన్సర్ మైకు తీసుకెళ్లినా వెంట ఒక డైనమిక్ మైకు లేకుండా కొండెక్కవద్దని నా సలహా.

సెల్లు జేబులో పెట్టుకోమన్నాను కదా అని క్యాసెట్లు కూడా అలాగే పెట్టుకోకండి. ఒంటి చెమట ఆవిరి టేపుకు పడుతుంది, ఆ టేపు చల్లటి హెడ్డును తాకుతుంది. క్యాసెట్లు జిప్ కవర్లో, యంత్రం పక్కనే, యంత్రం ఉన్న చలిలోనే ఉండాలి.

5. లోపలికి తెచ్చేటప్పుడు

రికార్డింగ్ అయిపోయింది, ఒళ్లు వణుకుతోంది, ఎప్పుడెప్పుడు లోపలికి వెళ్దామా అని ఉంటుంది. సరిగ్గా ఇక్కడ పది నిమిషాలు ఓపిక పట్టాలి.

బయట చలిలో ఉండగానే యంత్రం ఆపి, పైనున్న మంచు చెమ్మను పొడి తువ్వాలుతో తుడవండి. సెల్లు తీసేయండి. లోపలున్న క్యాసెట్ తీసి డబ్బాలో పెట్టండి. యంత్రాన్ని సిలికా జెల్ పొట్లంతో సహా జిప్ కవర్లో పెట్టి, కవర్‌ను నెమ్మదిగా నొక్కి గాలి తీసేసి మూయండి. క్యాసెట్లకు వేరే కవర్, మైకుకు వేరే కవర్. ఇవన్నీ గడప దాటక ముందే జరగాలి. లోపలికి వచ్చాక మూస్తే లోపలి వెచ్చటి తేమ గాలినే కవర్లో బంధించినట్టవుతుంది.

ఇప్పుడు లోపలికి తెచ్చి, పొయ్యికి దూరంగా పెట్టి వదిలేయండి. నీరు కవర్ బయటివైపు పడుతుంది, లోపల యంత్రం పొడిగా ఉంటుంది. బయట పడ్డ నీరు దానంతటదే ఆరిపోయి, కవర్ ముట్టుకుంటే గదిలోని మిగతా వస్తువుల్లాగే తగిలేదాకా తెరవకండి. చిన్న రికార్డర్‌కు గంటన్నర నుంచి రెండు గంటలు పట్టొచ్చు, పెద్ద రీలు యంత్రానికో వీడియో కెమెరాకో ఇంకా ఎక్కువ. తెల్లవారి తెరవడమే ఉత్తమం. సరిగ్గా వచ్చిందో లేదో వినాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అక్కడే, చలిలోనే విని లోపలికి రండి.

డిజిటల్ రికార్డర్ అయితే బయటే మెమరీ కార్డు తీసి చిన్న కవర్లో పెట్టుకోండి. అంత చిన్న వస్తువు పావుగంటలో గది వేడికి వస్తుంది. రికార్డర్‌ను కదిలించకుండానే ఆ రాత్రే ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేసుకోవచ్చు.

6. అప్పటికే తేమ పడితే

వీడియో కెమెరాల్లో, వీసీఆర్లలో తేమను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. తెర మీద డ్యూ (DEW, అంటే మంచుచెమ్మ) అన్న గుర్తు వెలిగి యంత్రం మొరాయిస్తుంది. దాన్ని తిట్టుకోవద్దు, అది మీ టేపును కాపాడుతోంది. వీడియో యంత్రంలో టేపు ఒక లోహపు డ్రమ్ము చుట్టూ తిరుగుతుంది. వీహెచ్‌ఎస్ డ్రమ్ము మన దేశపు పద్ధతిలో సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. తడి డ్రమ్ముకు టేపు అతుక్కుంటే చిరగడమో నలగడమో తప్పదు. ఆడియో రికార్డర్లలో చాలావాటికి ఈ సెన్సర్ లేదు. అక్కడ సెన్సర్ మీరే.

అనుమానం వస్తే కరెంటు ఆపండి, సెల్లు తీయండి, టేపు తలుపు తెరిచి ఉంచండి, ఫ్యాను గాలి ఆడే పొడి చోట ఒక పూట వదిలేయండి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ వద్దు, పొయ్యి పక్కన పెట్టడం వద్దు. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు కొందరికి ఉంది, తవుడు దుమ్ము లోపలికి పోవడం తప్ప లాభం లేదు. టేపు ఇప్పటికే లోపల చిక్కుకుని ఉంటే ఎజెక్ట్ బటన్‌ను పదేపదే నొక్కకండి. పూర్తిగా ఆరాక ఒక్కసారి ప్రయత్నించండి. రాకపోతే తెలిసిన మెకానిక్ చేత మూత విప్పించి, చేత్తో నెమ్మదిగా తీయించండి.

7. ఇంట్లో దాచుకున్న క్యాసెట్లు

నాన్నమ్మ మంగళహారతులు, తాతగారి పద్యాలు, ఊళ్లో హరికథ, ఇండియా నుంచి ఉత్తరానికి బదులుగా మాటలు నింపి పంపిన క్యాసెట్లు షికాగోలో, టొరంటోలో, మినియాపొలిస్‌లో ఎన్నో తెలుగు ఇళ్లలో ఉన్నాయి. ఎక్కువగా ఎక్కడున్నాయంటే గ్యారేజీలో, లేదా అటక మీద. ఆ రెండు చోట్లూ టేపుకు పనికిరావు. శీతాకాలం గడ్డకట్టే చలి, వేసవిలో మండే వేడి. వేడికి వ్యాకోచించి, చలికి ముడుచుకుని, టేపు చుట్ట వదులవుతుంది, పొరలు జారి అంచులు మడతపడతాయి.

చల్లగా ఉంటే ఎక్కువ కాలం నిలుస్తాయి కదా అని ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టేవాళ్లున్నారు. అయస్కాంత టేపుకు అది తగదు. ఎనిమిది డిగ్రీల కంటే తక్కువలో దీర్ఘకాలం ఉంచితే టేపు పూతలో కలిసి ఉన్న కందెన విడిపోయి పైకి రావచ్చు. చల్లగా, పొడిగా, హెచ్చుతగ్గులు లేకుండా ఉండే చోటే కావాలి. ఇంటి మధ్యలో బట్టల బీరువా సరిగ్గా సరిపోతుంది. హీటర్ గాలి వచ్చే జాలీకి, బయటి గోడకు, స్పీకర్లకు దూరంగా ఉండాలి. మొదటికి తిప్పి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలబెట్టండి. నేలమాళిగలో పెడితే చెమ్మ, బూజు పట్టుకుంటాయి. ముక్కిపోయిన వాసన వచ్చే క్యాసెట్‌ను మిగతావాటినుంచి వెంటనే వేరుచేయండి.

ఇప్పటికే గ్యారేజీలో ఉన్నవాటిని లోపలికి తెచ్చేటప్పుడు అయిదో మెట్టులో చెప్పిన పద్ధతే: అక్కడే జిప్ కవర్లో మూసి, లోపలికి తెచ్చి ఆగండి. ఆడియో క్యాసెట్ లోపలి వేడి గదితో సమం కావడానికి గంట సరిపోతుంది కానీ తేమ సమం కావడానికి ఆరు గంటల దాకా పడుతుంది. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌కు వేడికి రెండు గంటలు, తేమకు నాలుగు రోజులు. ఆ తర్వాత కూడా నేరుగా ప్లే నొక్కకండి. ముందు చివరిదాకా చుట్టి, వెనక్కి తిప్పండి. వదులైన చుట్ట బిగువుకు వస్తుంది.

వేసేసరికి కీచుమని అరిస్తే, హెడ్డు మీద గోధుమరంగు జిగురు కనబడితే వెంటనే ఆపండి. పూత దెబ్బతిన్న టేపు అది. ప్రతిసారి తిప్పినప్పుడూ కొంత పాట రాలిపోతుంది. 1970ల మధ్యనుంచి 80ల దాకా తయారైన కొన్ని రీలు టేపుల్లో ఈ జబ్బు ఎక్కువ. ఆర్కైవుల్లో పనిచేసేవాళ్లు అలాంటి వాటిని సుమారు 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసి తాత్కాలికంగా బాగుచేస్తారు. అన్ని రకాలకూ అది పనికిరాదు, పాత ఎసిటేట్ టేపులకు హాని చేస్తుంది. ఇంటి ఓవెన్‌లో ప్రయత్నించకండి.

బాగా ఆడుతున్న క్యాసెట్‌ను ఆ కూర్చున్నప్పుడే డిజిటల్‌లోకి ఎక్కించండి. ఎంపీ3గా వద్దు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ లేదా అంతకుమించి, వేవ్ ఫైలుగా. అసలు క్యాసెట్ పారేయకండి.

ఇండియా నుంచి శీతాకాలంలో పార్సిల్‌లో టేపులు తెప్పించుకునేవాళ్లు వీలైతే ఏప్రిల్ దాకా ఆగండి. ఆగలేకపోతే ఇంటికి వచ్చే బంధువుల చేతి సంచిలో తెప్పించుకోండి. విమానాశ్రయంలో ఎక్స్‌రేవల్ల టేపుకు ఏమీ కాదు. పార్సిలే తప్పదంటే పంపేవాళ్ల చేత ఒక్కో క్యాసెట్‌ను జిప్ కవర్లో మూయించి, పెట్టె మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లిషులో రాయించండి: "లోపలికి తెచ్చిన రోజు తెరవవద్దు, మర్నాడు తెరవండి."